నెత్తిల నీళ్లు

ఆర్టీసీలో ఇరవై తొమ్మిదేండ్లు బండి నడిపాడు పరమేశ్వర్. సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం నుంచి యాచారం దాటి మాల్ దాకా ఎక్కడ గుంత ఉందో ఆయన కాళ్లకు తెలుసు. కిటికీకి తల ఆనించి నిద్రపోయే ముసలమ్మలు నిద్ర చెడకుండానే ఊళ్లో దిగేవాళ్లు. డిపోలో అందరూ ఆయన్ని "పట్టుబండి పరమేశ్వర్" అనేవాళ్లు. ఆ పేరు ఆయనకు ఇష్టమే గాని, విననట్టు ఉండేవాడు.

యాభై ఎనిమిదో ఏట రిటైరయ్యాడు. అప్పటికి శేరిగూడ చుట్టుపక్కల ఏడాదికొక ఇంజనీరింగు కాలేజీ గేటు లేస్తోంది. ప్రతి కాలేజీకి పది పదిహేను బస్సులు. బస్సులున్నంత మంది డ్రైవర్లు దొరికేవాళ్లు కాదు. ఇంట్లో కూర్చుంటే తోచదని ఒక కాలేజీ బండి ఎక్కాడు. పొద్దున బడంగ్‌పేట నుంచి పిల్లల్ని ఎక్కించుకొని రావాలి, సాయంత్రం మళ్లీ దింపి రావాలి. ఆ పిల్లలు ఆయన్ని తాతా అని పిలిచేవాళ్లు. భార్య శంకరమ్మ పొద్దున్నే జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు డబ్బాలో పెట్టి ఇచ్చేది. "అద్దాలల్ల సూస్కుంట పోవాలె, ఊకె ముంగటనే సూస్తవ్," అని రోజూ చెప్పేది. ఆమె ఒక్కసారి కూడా స్టీరింగు ముట్టింది లేదు. అయినా డ్రైవింగు గురించి ఆమె చెప్పని రోజు లేదు.

మొదట తేడా కాళ్లలో వచ్చింది. అడుగు తీసి అడుగు వేయడానికి చెప్పు కింద బంక అంటుకున్నట్టు ఉండేది. గడప దగ్గర నిలబడిపోయేవాడు. వెనక్కి తిరగాలంటే చిన్న చిన్న అడుగులతో చుట్టూ తిరగాలి. మోకాళ్ల నొప్పులే అనుకున్నాడు. నొప్పి మాత్రం లేదు. నొప్పి లేని జబ్బు జబ్బెట్లా అవుతుంది?

రెండు వేల మూడు, నవంబరు. ఒక సోమవారం కాలేజీ గేటు మలుపులో బ్రేకు మీదికి రావలసిన కాలు రాలేదు. రమ్మని మనసు చెప్పింది, కాలు వినలేదు. బస్సు పోయి ప్రహరీ గోడకు ఆనింది. ఇద్దరు ఆడపిల్లల మోచేతులు గీసుకున్నాయి. అంతకంటే ఏమీ కాలేదు. బండి దిగబోతూ మెట్టు దగ్గర ఆయన మళ్లీ నిలబడిపోయాడు. తూలి కింద పడ్డాడు. ట్రాన్స్‌పోర్టు చూసే విద్యాసాగర్ వచ్చి, పడ్డవాడిని లేపకముందే ముఖం దగ్గర ముఖం పెట్టి వాసన చూశాడు.

"తాగినవా?"

"లేదు సార్. కాలు రాలే."

"కాలు రాకపోవుడేంది? పొద్దుగాల్నే ఏసుకొని వచ్చినవ్ గద!"

యాభై మంది పిల్లలు చూస్తున్నారు. కల్లు కూడా ముట్టని మనిషి పరమేశ్వర్. ఇంకో మాట అనడానికి నోరు పెగల్లేదు. నోరు పెగలకపోవడం కూడా తాగుడు కిందే జమ అయింది.

మర్నాడు శంకరమ్మ ఒక్కతే కాలేజీకి పోయింది. ఆఫీసు ముందు నిలబడి అడిగింది. "నలభై ఏండ్ల సంది గా మనిషి పక్కన పండుకుంటున్న. నాకు తెల్వని తాగుడు నీకొక్కనికే తెలిసిందా సారూ? నువ్వు మళ్ల రమ్మన్నా మేం రాం. గని తాగిండన్న మాట మాత్రం నువ్వు ఎనుకకు తీస్కోవాలె." విద్యాసాగర్ తీసుకోలేదు. వాచ్‌మన్ వచ్చి ఆమెను గేటు బయటికి నడిపించాడు. ఇంటికొచ్చి ఆమె ఏమీ చెప్పలేదు. ఏం జరిగిందో పరమేశ్వర్‌కు ఆమె పొయ్యి రాజేసిన తీరులోనే తెలిసింది.

ఆ తర్వాత మతిమరుపు మొదలైంది. పాలవాడికి తలుపు తీసి, ఎందుకు తీశాడో మరిచిపోయేవాడు. అంతకంటే పెద్ద కష్టం ఇంకొకటి వచ్చింది. మూత్రం వస్తోందని తెలిసేలోపు ధోవతి తడిసిపోయేది. మొదటిసారి అట్లా అయిన రోజు ఆయన దొడ్లో గోడవైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. శంకరమ్మ వచ్చి, ఏమీ కానట్టు, "జరుగు, గా బట్ట ఇటియ్యి," అన్నది.

మరుసటి ఏడు వానాకాలంలో ఊరి డాక్టరు సిటీకి పోయి తలకు ఎమ్మారై స్కాన్ తీయించుకోమన్నాడు. బస్సులో పక్కపక్కన కూర్చున్నారు. బొంగ్లూరు దాటాక పరమేశ్వర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"శంకరీ, గా బట్టల సంగతి ఆడ ఎవలకు చెప్పకు."

"డాక్టరుకు చెప్పకుంటెట్ల?"

"వద్దు. ఇజ్జత్ పోతది. కాళ్ల సంగతి గూడ చెప్పకు, మళ్ల తాగిండంటరు. మర్చిపోతుండని చెప్పు, సాలు."

ఆమె కిటికీ బయటికి చూసింది. కొత్తగా వేసిన ప్లాట్ల రాళ్లకు ఎర్ర రంగు, పచ్చ రంగు కొట్టి ఉన్నాయి. "నా మీద ఒట్టు బెట్టు," అన్నాడాయన మళ్లీ. ఆమె ఒట్టు పెట్టింది.

స్కాన్ సెంటరులో కౌంటరు దగ్గరి అమ్మాయి కాగితం మీద రాసుకుంటూ "ఏం ప్రాబ్లం?" అని అడిగింది. శంకరమ్మ ఒకసారి మొగుడి వైపు చూసి, "మర్చిపోతున్నడు," అన్నది. ఆ అమ్మాయి ఒక్క మాట రాసుకుంది. తర్వాత గొట్టం లాంటి మిషనులో పడుకోబెట్టారు. తల చుట్టూ ఎవరో గోడకు రంధ్రాలు వేస్తున్నట్టు చప్పుడు. మూడో రోజు ఊరి డాక్టరు, సెంటరువాళ్లు రాసిచ్చిన రిపోర్టు చదివి చెప్పాడు. వయసుతో మెదడు కుంచించుకుపోతోంది. ఖాళీ అయిన చోట నీరు నిండింది. బీపీ వల్ల తెల్ల మచ్చలు కూడా ఉన్నాయి. మందులు వాడండి గాని పెద్దగా ఆశ పెట్టుకోకండి.

"ఎన్కకు రాడా సారూ?" అన్నది శంకరమ్మ.

"ఎండిన చెట్టు చిగురు పెట్టదు కదమ్మా," అన్నాడు డాక్టరు. ఆయన మంచిగానే, మెల్లగానే చెప్పాడు.

అక్కడి నుంచి పరమేశ్వర్ కథ పరమేశ్వర్‌కు తెలియదు.

మూడున్నరేండ్లు. ఆ మూడున్నరేండ్లలో ఆయనకు మిగిలినవి కొన్ని ముక్కలు మాత్రమే. వీపు మీద వేడినీళ్లు. గాజుల చెయ్యి ఒకటి జబ్బ పట్టి లాగడం. ఎవరో "ఇగో, కాలు లేపు, గీ కాలు, నా రాజ, గిది," అనడం. ఒకసారి చాలామంది మనుషులు, ఎర్రటి ఎండ, భుజం మీద బరువు, వీపు మీదుగా చల్లటి నీళ్లు కారడం, ఎవరో మోచెయ్యి పట్టి చుట్టూ తిప్పడం. స్నానం చేయిస్తున్నారనుకున్నాడు. అంతే.

మళ్లీ ఆయన కథ ఆయనకు చేతికొచ్చింది హయత్‌నగర్‌లో, రెండు వేల ఎనిమిది ఫిబ్రవరిలో. ఎట్లా వచ్చిందో తర్వాత కూతురు మంజుల చెబితే తెలిసింది. అప్పటికి ఆయన మంజుల ఇంట్లో ఉంటున్నాడు. అల్లుడు మహేశ్వర్ టైల్స్ దుకాణంలో పని చేసేవాడు. ఒక పొద్దున పరమేశ్వర్ బాత్రూం గడప దగ్గర బోర్లా పడ్డాడు. నుదురు పగిలింది. తల లోపల రక్తం కారిందేమోనని సిటీలో పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. ఒక స్కాన్ తీసి, రక్తం లేదు గాని లోపల ఏదో తేడాగా ఉంది, ఎమ్మారై కూడా తీయాలన్నారు.

స్కాన్ గది ముందు బెంచీ మీది నుంచి ఆయన్ని లేపి నడిపిస్తుంటే, స్కానులు చదివే డాక్టరు హిమజ టీ గ్లాసు పట్టుకొని అటుగా వస్తోంది. ముప్పై ఏళ్లుంటాయేమో. ఆయన పాదాలు నేలను వదలడం లేదు. రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, ఈడ్చుకుంటూ, మిషను గది గడప దగ్గర బొమ్మలా నిలబడిపోయాడు. ఆమె టీ గ్లాసు కిటికీలో పెట్టేసింది.

"ఈయన ఎన్నేండ్ల సంది ఇట్ల నడుస్తున్నడు?"

"ఐదేండ్లయితుంది మేడం," అన్నది మంజుల. "మతి గూడ లేదు. మెదడు ఎండిపోయిందన్నరు."

"మూత్రం తెలుస్తదా?"

మంజుల మొగుడి వైపు చూసింది. ఆ మాట ఇంతవరకు ఏ డాక్టరూ అడగలేదు, వీళ్లూ చెప్పలేదు. "తెల్వది మేడం," అన్నది చిన్నగా.

ఫిల్ములు వచ్చాక హిమజ పెద్ద డాక్టరును తన గదికి పిలిపించి చూపించింది. మర్నాడు ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, నడుము దగ్గర వెన్నులోకి సూది దింపి, రెండు చిన్న సీసాల నీళ్లు తీశారు. తీయకముందు వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపిస్తే నలభై ఆరు అడుగులు పట్టింది. తీసిన మూడు గంటలకు మళ్లీ నడిపించారు. ఇరవై మూడు. వరండా చివర ఆయన ఎవరి చెయ్యీ పట్టకుండా వెనక్కి తిరిగాడు. మంజుల అక్కడే గోడకు జారగిలబడి కూర్చుండిపోయి ఏడ్చింది. తర్వాతి వారం ఆపరేషను చేశారు. తల నుంచి చర్మం కింద సన్నటి గొట్టం వేసి, ఎక్కువైన నీరు పొట్టలోకి దిగిపోయేట్టు చేశారు.

పరమేశ్వర్ మెల్లమెల్లగా తేలాడు. మొదట అక్షరాలు తేలాయి. ఎదురు గోడ మీది బోర్డు కూడబలుక్కుని చదివాడు. తర్వాత మంజుల ముఖం. తర్వాత మూత్రం వస్తోందని తెలియడం. అది తెలిసిన రోజు నర్సును పిలిచి, "బిడ్డా, పోవాలె," అని చెప్పి, తన నోటి నుంచి ఆ మాట వచ్చినందుకు తానే ఆశ్చర్యపోయాడు.

"మీ అమ్మ ఏది?" అని అడిగాడు.

"ఇంటికాడ ఉన్నది బాపు," అన్నది మంజుల. రెండేండ్లుగా రోజూ చెబుతున్న జవాబే అది. అప్పుడైతే గంటలో మరిచిపోయేవాడు.

ఇప్పుడు మరువలేదు. దవాఖాన నుంచి హయత్‌నగర్ ఇంటికి వచ్చాక కూడా పదకొండు రోజులు ఎదురుచూశాడు. గేటు చప్పుడైతే తల తిప్పేవాడు. పన్నెండో రోజు మధ్యాహ్నం మంజుల అన్నం పెడుతుంటే పళ్లెం పక్కకు జరిపాడు.

"నాకు నెత్తి కోసి పైపేసిండ్రు. గా సంగతి మీ అమ్మకు తెలిస్తె కాళ్లు లేకున్నా దేక్కుంట వస్తది. రాలేదంటె ఏమర్థం? మంజులా, నా మొఖం సూసి చెప్పు."

మంజుల చూడలేకపోయింది. గరిటె తిరిగి గిన్నెలో పెట్టింది.

"ఎప్పుడు?" అన్నాడాయన.

"వచ్చే ఎండకాలానికి రెండేండ్లు బాపు. గుండె ఆగింది."

"నేనేడున్న?"

"ఆడ్నే ఉన్నవ్."

ఇంకొకటి అడిగాడు. "నేను ఏడ్సిన్నా?"

మంజులకు అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పాల్సిన అబద్ధాలన్నీ రెండేండ్లలో అయిపోయాయి. "లేదు బాపు. అందరు ఏడుస్తుంటె నువ్వు ఆకలైతుందన్నవ్."

ఆయన చెయ్యి వెనక్కి పెట్టి తన వీపు తడుముకున్నాడు. భుజం మీద బరువు, కారిన చల్లటి నీళ్లు, చుట్టూ తిప్పిన చెయ్యి. అది స్నానం కాదు. కొడుకు లేని ఇంట్లో కుండ ఎత్తుకుంది తానే. భార్యను సాగనంపుతూ, ఎవరో తనకు నీళ్లు పోస్తున్నారనుకున్నాడు.

మరునాడే తమ ఊరు ఇబ్రహీంపట్నం పోదామన్నాడు. మంజుల వెంట వచ్చింది. ఊరి బయట బొందలగడ్డ పక్కన ఎవరిదో ప్లాట్ల వెంచరు పడింది. రంగుల జెండాలు కట్టారు. వెంచరు రోడ్డుకని జేసీబీ ఒక అంచున మట్టి చదును చేసింది. ఆ అంచునే శంకరమ్మను పూడ్చింది. మట్టికుప్పలు లేవు, పెట్టిన రాయీ లేదు.

"ఈడ్నో... గింత ఇవతలనో బాపు," అన్నది మంజుల. తాను గుర్తు పెట్టుకున్న వేపమొక్కను కూడా పీకేశారు.

పరమేశ్వర్ ఆ మెత్తటి మొరం మీద నడిచాడు. ఇప్పుడు కాళ్లు మంచిగా పడుతున్నాయి. ఎక్కడ అడుగు వేయకూడదో తెలియక ఆగిపోయాడు. చివరికి రోడ్డు అంచునే చెప్పులు విప్పి కూర్చున్నాడు. ప్లాట్లు చూపించడానికి వచ్చిన కారు ఒకటి హారన్ కొట్టి, పక్క నుంచి పోయింది.

హయత్‌నగర్‌కు తిరిగి రానన్నాడు. తన ఇంట్లోనే చాప వేసుకొని కూర్చున్నాడు. గడ్డం గీయించుకోలేదు. ఒక పూట కూడే తిన్నాడు. పది రోజులు నేలమీదే పడుకున్నాడు. మంజుల పనులు మానుకొని తోడుగా ఉంది. చుట్టాలకు ఫోన్లు చేసి ఆయనే స్వయంగా చెప్పాడు. "శంకరమ్మ సచ్చిపోయింది." కొందరు, పాపం ఇంకా మతి సరిగ్గా కుదరలేదనుకున్నారు. వాడకట్టులో ఒకాయన "సావు రెండేండ్ల కిందయితె దినాలు ఇప్పుడు జేస్తున్నడు," అని నవ్వాడు కూడా. పరామర్శకు ఎవరూ రాలేదు. వాళ్లు ఒకసారి వచ్చి ఏడ్చిపోయారు. వాళ్ల దుఃఖం అప్పుడే అయిపోయింది. ఈయనది ఇప్పుడే మొదలైంది.

ఆరో రోజు పక్కింటి రాధమ్మ వచ్చింది. శంకరమ్మను అక్కా అని పిలిచేది. ఇద్దరూ కలిసి ఇరవై ఏళ్లు ఒకే బోరింగు దగ్గర నీళ్లు పట్టుకున్నారు. గడపలోనే చెంగు నోటికి అడ్డం పెట్టుకొని రాగం తీసింది. "అక్కా... నీ పెనిమిటికి మతి వచ్చెనే... నువ్వెటు పోతివే..." పరమేశ్వర్‌కు అప్పుడు ఏడుపు వచ్చింది. రెండేండ్లు ఆలస్యంగా, చిన్నపిల్లాడిలా గొంతెత్తి ఏడ్చాడు. ఎవరైనా తనతో కలిసి ఏడ్చేవరకు అది లోపల్నే నిలబడి ఉంది.

ఏడుపు తగ్గాక, "రాధమ్మా, నువ్వే గద మొదలు చూసింది. ఎట్లయిందో చెప్పు," అన్నాడు.

"ఇప్పుడెందుకు బావా?"

"నేను ఆడ్నే ఉన్ననట. నాకు తెల్వది. నువ్వు చెప్పకుంటె ఇంకెవలు చెప్తరు?"

మంజుల వద్దన్నట్టు తల ఊపింది. రాధమ్మ మొహమాటం తెలియని మనిషి. చెప్పింది. శంకరమ్మ అంతకు నెల ముందు నుంచే ఎడమ పక్క నొప్పి అనేది. దవాఖానకు పోదాం పా అంటే, "ఈయన్ని ఇడ్సిపెట్టి యాడికొస్త? గంటల మూడు సార్లు బట్ట మార్వాలె," అనేది. ఆ రోజు దొడ్లో బండ మీద ఆయన ధోవతులే ఉతుకుతోంది. మధ్యాహ్నం తాను చల్లకని వచ్చి చూసేసరికి బండ పక్కన వెల్లకిలా పడి ఉంది. నల్లా పారుతూనే ఉంది. ఆయన పక్కన నేల మీద కూర్చొని ఉన్నాడు.

"ఊకెనే కూసున్ననా?"

"ఊకెనే కూసోలే బావా. నీ తువాల తీసి ఆమె మొఖం మీద ఎండ పడకుంట కప్పినవ్."

పరమేశ్వర్ భుజం మీది తువాల తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "నేను కప్పినప్పుడు పానం ఉండెనా?"

"ఎవలకెర్క?" అన్నది రాధమ్మ.

ఆ రాత్రే కాదు, ఆ తర్వాత ఏ రోజూ ఆ మాట ఆయన్ని వదలలేదు. ప్రాణం ఉండే ఉంటే? గోడ అవతల రాధమ్మ ఉంది. కేక వేస్తే వినబడే దూరం.

ఆపరేషనయిన మూడో నెల చూపించుకోవడానికి దవాఖానకు పోయేటప్పుడు, పాత ఇనుప పెట్టెలో చీరల కింద శంకరమ్మ దాచిన మొదటి స్కాన్ ఫిల్ములు వెంట తీసుకుపోయాడు. పెద్ద డాక్టరు చూసి పంపేశాక, హిమజ గది వెతుక్కుంటూ పోయి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"డాక్టరమ్మా, జర ఇది సూస్తరా? నాలుగేండ్ల కిందిది."

ఆమె ఆ ఫిల్ములను లైటు పెట్టె మీద పెట్టింది. పక్కన కొత్తవి పెట్టింది.

"కూసోండి పెద్దయ్యా. మీకు ఏం తెలుసుకోవాలని ఉంది?"

"అప్పుడు గూడ గిదే ఉండెనా?"

"ఉండె," అన్నది ఆమె.

ఆయన ఇంకా చూస్తూనే ఉంటే, పెన్ను మూతతో చూపించింది. "మన తలల నడుమ నీళ్లుండే గదులు ఉంటయి. ఆ నీరు రోజూ పుడతది, రోజూ ఇంకిపోతది. ఇంకకపోతే గదులు ఉబ్బుతయి. ఇదిగో, ఇవి. ఈ రకం ఫొటోలో గదిల ఉన్న నీరు నల్లగా కనిపిస్తది. గది దాటి మెదడులోకి ఊరిన నీరు తెల్లగా కనిపిస్తది. చూడండి, గది చుట్టూ తెల్లటి అంచు. గోడకు చెమ్మెక్కినట్టు."

"రిపోర్టు రాసినాయన బీపీ మచ్చలన్నడట."

"బీపీ ఉన్నోళ్లకు గూడ తెలుపు వస్తది. వయసుతో మెదడు ఎండినా గదులు పెద్దగైతయి. అందుకే పొరపడతరు. కానీ పైన చూడండి. మెదడు నిజంగ ఎండితే, అక్రోటు పప్పు లెక్క పైన ముడుతల సందులు వెడల్పు కావాలె. మీకు పైన సందులే లేవు. లోపల్నుంచి నీరు ఒత్తుతుంటే మెదడు పోయి పుర్రెకు ఆనింది. మెదడు తగ్గినందుకు నీరు నిండలేదు పెద్దయ్యా. నీరు నిండినందుకు మెదడు పని చేయలేదు."

"మరి గాయనకెందుకు కనబడలే?"

హిమజ ఫిల్ము కవరు లోంచి పాత కాగితం తీసింది. స్కాన్ సెంటరు కౌంటరులో రాసుకున్నది. "ఈ ఫొటో చదివినాయన మిమ్మల్ని చూడలే. నేను మీ నడక చూసిన, అడగాల్సింది అడిగిన, తర్వాత ఫొటో చూసిన. ఆయన దగ్గర ఈ కాగితం తప్ప ఏం లేదు. ఇందుల ఒక్క మాటే ఉంది. మతిమరుపు. కాళ్ల సంగతి లేదు, మూత్రం సంగతి లేదు. మూడూ కలిస్తే అనుమానం వచ్చేది. అయినా పైసందులు చూడాల్సింది. చూడలే."

పరమేశ్వర్‌కు బొంగ్లూరు దాటాక బస్సు, కిటికీ, ఆమె చెయ్యి గుర్తొచ్చాయి. మూడున్నరేండ్ల చీకటికి ముందు ఆఖరుగా స్పష్టంగా గుర్తున్న రోజు అదే. ఒట్టు పెట్టించుకుంది తానే. ఆమె చెబుతానంది.

"నేనే చెప్పొద్దన్న డాక్టరమ్మా," అన్నాడు. "ఇజ్జత్ పోతదని."

చాలామంది అట్లాగే దాస్తారని హిమజ చెప్పింది. అప్పుడే పైపు వేసి ఉన్నా అంత బాగయ్యేదని కచ్చితంగా చెప్పలేనని కూడా అన్నది. ఆయన విన్నాడు.

"నడిచేటోన్నా?"

"నడిచేటోళ్లేమో."

"అట్లయితె పిలిచేటోన్ని," అన్నాడు. ఎవరిని పిలిచేవాడో ఆమె అడగలేదు. ఫిల్ములు మళ్లీ కవరులో పెట్టి ఆయన చేతికిచ్చి, గది బయటి దాకా వచ్చింది.

తర్వాత పరమేశ్వర్ ఆరేండ్లు బతికాడు. మంజుల ఎంత పిలిచినా హయత్‌నగర్ పోలేదు. వండుకున్నాడు, ఉతుక్కున్నాడు. ఊరు చుట్టూ ప్లాట్ల ధరలు పెరిగాయి, పడిపోయాయి, మళ్లీ పెరిగాయి. ఆయన వాటి జోలికి పోలేదు. టీ కొట్టు దగ్గర కూర్చుంటే చూపు మాత్రం మనుషుల పాదాల మీదే ఉండేది.

అట్లా చూసిందే సోమయ్య నడక. ధాన్యం మార్కెట్టు గంజిలో హమాలీగా చేసి మానేసిన మనిషి. కాళ్లు ఈడుస్తున్నాడు, పేర్లు మరుస్తున్నాడు. పరమేశ్వర్ వాళ్లింటికి పోయి, సోమయ్య భార్య ఇంద్రమ్మను కూర్చోబెట్టి, ఎవరూ అడగని మాటలు అడిగాడు. "మూత్రం తెలుస్తదా చెల్లె? సిగ్గు పడకు. నాకు గూడ తెల్వకుండె." ఇంద్రమ్మ చుట్టూ చూసి, తెలియదని చెప్పింది. ఇది తన జబ్బేనని ఆయనకు ఆశ పుట్టింది. ఇద్దర్నీ వెంటబెట్టుకొని సిటీకి పోయాడు. కౌంటరులో అన్నీ చెప్పాడు, పదిమందీ వినేట్టు చెప్పాడు. అన్నీ రాసేదాకా కదలలేదు.

ఫిల్ములు లైటు పెట్టె మీద పెట్టినప్పుడు హిమజ నోరు విప్పకముందే ఆయనకు తెలిసింది. గదులు పెద్దగానే ఉన్నాయి. పైన కూడా సందులు వెడల్పుగా, లోతుగా, ఎండకాలం చెరువులో నేల పర్రెలు పగిలినట్టు విచ్చుకొని ఉన్నాయి.

"ఇది నిజంగనే ఎండింది," అన్నాడు.

"అవ్ పెద్దయ్యా," అన్నది హిమజ.

"సూది ఏసి సూస్తె?"

"చూసినా లాభముండదు."

ఇంద్రమ్మకు ఎవరు చెప్పాలన్న మాట రాలేదు. ఆయనే బయటికి పోయాడు. సోమయ్య బెంచీ మీద కూర్చొని తన వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు. ఇంద్రమ్మ లేచి నిలబడింది. పరమేశ్వర్ ముఖం చూసి మళ్లీ కూర్చుంది.

"నీ లెక్క కాదా అన్నా?"

"కాదు చెల్లె."

ఆమె ఏడవలేదు. సోమయ్య భుజం మీది తువాల సరిచేసింది. ఇంక పోదామా అన్నది. పరమేశ్వర్ పోదామనలేదు. ఆమె ముఖం వైపే చూస్తున్నాడు. కళ్ల కింద నలుపు. మెట్లెక్కేటప్పుడు ఆమె రెండుసార్లు ఆగడం ఆయన పొద్దున చూశాడు.

"నీకు ఆయాసమెప్పటి సంది?"

"నాకేమైంది అన్నా? ఈయన్ని సూస్కోవాలె గని."

"గట్లనే అంటరు," అన్నాడాయన. "నువ్వు కూసో. ఈయన్ని నేను సూస్త."

తర్వాత ఆమె పేరు మీద చీటీ రాయించడానికి కౌంటరు వైపు నడిచాడు. అక్కడ పెద్ద వరుస ఉంది. ఆయన పోయి చివర నిలబడ్డాడు.